అన్న గోలి కోసం సూరత్ దాకా

మా సిరిసిల్ల వైపు సూరత్ పేరు వినని ఇల్లు ఉండదు. ఏ వాడకు వెళ్లినా అక్కడ సాంచలు నడిపి వచ్చినవాళ్లో, ఇంకా నడుపుతున్నవాళ్లో కనిపిస్తారు. సాంచ అంటే మరమగ్గం. మా అన్న మల్లేశం పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నాడు. అయినా నేను ఎప్పుడూ వెళ్లలేదు. మొన్న డిసెంబరులో మూడేళ్ల కూతురు మిన్నును చంకనేసుకుని మొదటిసారి వెళ్లాను. చుట్టపుచూపుగా కాదు, ఒక రక్తపరీక్ష రిపోర్టు కోసం.

అన్నకు నాలుగేళ్ల కిందట రక్తక్యాన్సర్ బయటపడింది. ఆ మాట వినగానే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. కానీ ఇది రోజుకొక గోలితో, అంటే మాత్రతో, అదుపులో ఉండే రకమని డాక్టర్లు చెప్పారు. అన్నట్టే ఉంది. పరీక్ష చేసిన ప్రతిసారీ, రక్తంలో జబ్బు ఎంత ఉందో చెప్పే అంకె దిగుతూ వచ్చింది. దీపావళి తర్వాత చేసినప్పుడు మాత్రం పెరిగింది. గోలి పనిచేయడం మానేసిందేమోనని డాక్టరు ఇంకో పరీక్షకు రక్తం పంపింది.

అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, నువ్వు సైన్సు సదివినవ్ గద. రిపోర్టు ఒచ్చేనాటికి జర రా. ఆమె చెప్పేది నాకు సగమే సమజైతది."

నేను చదివింది కరీంనగర్‌లో బీఎస్సీ, బయోకెమిస్ట్రీ. ఆ చదువుతో పెళ్లయ్యాక నేను చేసిన పని, పిల్ల మందు సీసాల మీది చిన్న అక్షరాలు చదివి భయపడటమే. అయినా బయలుదేరాను. వెళ్లని వాళ్లకు సూరత్ ఎలా ఉంటుందో చెబుదామని, మిన్ను పడుకున్నాక రోజుకింత రాసిపెట్టుకున్నదే ఇది.

రైల్లో

మా ఎదురు బెర్తులో బార్డోలీకి చెందిన ఒక పెద్దావిడ కూర్చుంది. సూరత్ దగ్గర చెరకు పండే ఊరట. అందరూ ఆమెను 'బా' అంటున్నారు కాబట్టి నేనూ బా అన్నాను. మిన్నుకు మెంతికూర వేసి చేసిన థేప్లా చుట్టి ఇచ్చింది. మన చపాతీలా కనిపించినా నోట్లో పెడితే కొంచెం తీపి. పక్కన పచ్చడి ఉంటుందేమోనని చూశాను. బెల్లం ముక్క ఇచ్చింది. అది వాళ్ల ఊరి బెల్లమట.

"మొదటిసారా బేటా? సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అంటారు మాలో" అంది హిందీలో, నవ్వుతూ.

మొదటి సగం విని నవ్వాను. రెండో సగం వినగానే థేప్లా పక్కన పెట్టేశాను. ఎందుకు వెళ్తున్నానో చెప్పక తప్పలేదు. బా అంతా విని, "మీ అన్న తింటున్నాడా?" అని అడిగింది. తింటున్నాడన్నాను. "మరింకేం! తినేవాడికి భయం లేదు" అని, నా చేతిలో ఇంకో థేప్లా పెట్టింది. వైద్యం ప్రకారం అది సరైన మాట కాదు. అయినా దాని ఆసరాతోనే ఆ రాత్రి నిద్రపోయాను.

గోడాదరా

అన్న వాళ్లు గోడాదరాలో ఉంటారు. ఆటో దిగగానే సూరత్‌కు వచ్చానా, సిరిసిల్ల బీవై నగర్‌కు వచ్చానా అనిపించింది. ఇరుకు గల్లీ, రెండు వైపులా రెండంతస్తుల ఇళ్లు, ప్రతి గుమ్మం ముందు చీరల మూటలు. ఒక కొట్టు ముందు తెలుగులో 'సర్వపిండి దొరుకును' అని రాసుంది. దాని పక్కనే లోచో బండి. లోచో అంటే శనగపిండిని ఉడికించి, నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇచ్చే మెత్తటి పదార్థం. ప్లేటు నలభై రూపాయలు. మిన్నుకు అది ఎంత నచ్చిందంటే, ఉన్నన్ని రోజులూ పొద్దున లేవగానే అమ్మ అనకుండా 'లోచో' అంది.

ఇక్కడ పేరు చివర భాయ్ అనో బెన్ అనో తగిలించకుండా ఎవరూ పిలవరు. మా అన్న మల్లేశ్ భాయ్. వచ్చిన గంటలోనే నేను స్రవంతిబెన్ అయిపోయాను. మన వైపు కొత్తవాళ్లను అక్కా, వదినా అనడానికి కూడా రెండు రోజులు ఆలోచిస్తాం.

అన్నను చూసి మొదట గుర్తుపట్టలేదు. కళ్ల కింద ఉబ్బింది. ఒంటి రంగు తెల్లబడింది. రెండూ గోలి వల్ల వచ్చే మార్పులేనని చదివాను కానీ, ఎదురుగా చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏందే, గట్ల జూస్తున్నవ్?" అని అరిచాడు. కోపం లేదు. సాంచల చప్పుడులో పనిచేసేవాళ్లందరూ ఇంట్లోనూ అలాగే మాట్లాడతారు. మిన్ను మాత్రం నా కొంగులో దూరి ఏడుపు అందుకుంది.

"మెల్లగ మాట్లాడు, పిల్ల బెదిరింది" అంది రమ వదిన.

"మెల్లగనే గద మాట్లాడుతున్న!" అని ఇంకా గట్టిగా అరిచాడు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు కడుపునిండా తిని, డబ్బాలోంచి గోలి తీసి, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకున్నాడు. వాళ్ల పెద్దమ్మాయి పూజ, ఏడో తరగతి, గోడ క్యాలెండరు మీద టిక్కు పెట్టింది. అది చూసి నా మనసు ఇంకా బరువెక్కింది. ఇంత పద్ధతిగా వేసుకుంటున్నా అంకె పెరిగిందంటే, గోలి ఓడిపోయినట్టే కదా.

రాళ్ల చీరలు

వదిన ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. గల్లీలో సగం మంది ఆడవాళ్ల పని అదే. చీరను చాపలా పరిచి, గమ్ము చుక్కలు పెట్టి, మెరిసే రాళ్లను ఒక్కొక్కటీ వేలితో అద్దుతారు. నేనూ సాయం చేద్దామని కూర్చున్నాను. నేను ఒక పువ్వు పూర్తి చేసేలోగా వదిన అంచు సగం పూర్తి చేసింది.

"డిగ్రీ జేసినోళ్ల చెయ్యి జర నిదానం" అంది వదిన, తల ఎత్తకుండానే.

అంతలో మిన్ను ఒక రాయి తీసుకుని ముక్కులో పెట్టుకుంది. నేను చేసిన గోలకు గల్లీ అంతా వచ్చింది. ఆసుపత్రి, ఆటో అని అరుస్తూ నేను గుమ్మం దాకా పరుగెత్తాను. వదిన లేచి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టి, రెండో ముక్కుపుటం నొక్కి, "మిన్నూ, గట్టిగ చీదు బిడ్డా" అంది. రాయి వచ్చి చీర మీద పడింది. వదిన దాన్ని తుడిచి, పక్కన పెట్టి, పనిలో పడింది.

"ఈ గల్లీల ముక్కుల రాయి పోని పోరగాళ్లు లేరు" అంది పక్కింటామె. నేను మాత్రం సాయంత్రం దాకా మిన్నును ఒళ్లోంచి దింపలేదు.

షెడ్డులో

సోమవారం అన్న తను పనిచేసే షెడ్డు చూపించాడు. గుమ్మంలోనే చప్పుడు ఛాతీ మీద కొట్టింది. లోపల ఎవరూ నోటితో మాట్లాడుకోరు, చేతులతో, కనుబొమ్మలతో మాట్లాడుకుంటారు. అన్న స్నేహితుడు గంగాధర్ నన్ను చూసి బయటకు వచ్చాడు. ఆయనదీ మన వైపే, జగిత్యాల.

"చెల్లె, మీ అన్న ఏం క్రీమ్ రాస్తుండో జర అడుగు. రోజురోజుకు గుజరాతీ సేటు లెక్క తయారైతుండు. మేము గిట్లనే బొగ్గుల్లెక్క ఉండాల్నా?"

అన్న పగలబడి నవ్వాడు. జబ్బు సంగతి గంగాధర్‌కు తెలుసట. తెలిసే ఆ మాట అంటాడట. "ఏడ్సుకుంట కూసుంటె సాంచలు ఎవడు నడుపుతడు" అన్నాడు అన్న.

నన్ను లోపలికి తీసుకెళ్లి, ఒక సాంచ దగ్గర వంగి చూపించాడు. ప్రతి పోగు మీద సన్నని ఇనుప రేకు వేలాడుతోంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది, సాంచ దానంతట అదే ఆగిపోతుంది. అప్పుడు మనిషి వచ్చి పోగు ముడివేసి మళ్లీ నడుపుతాడు.

నాలుగేళ్లుగా ఫోన్లో నేను చెప్పలేకపోయింది ఆ రేకు చూశాక, మళ్లీ బయటికి వచ్చి చెప్పగలిగాను. మన కణాల్లో కైనేజ్‌లు అనే ప్రోటీన్లు ఉంటాయి. వాటి పని, ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను తెచ్చి ఇంకో ప్రోటీన్‌కు తగిలించడం. తగిలించగానే ఆ ప్రోటీన్‌లో కదలిక వస్తుంది, అది ఇంకోదాన్ని కదిలిస్తుంది. పెరగమని, రెండుగా చీలమని కణానికి కబురు అలా చేరుతుంది. అవసరం తీరగానే కైనేజ్ ఆగాలి. అన్న ఎముక మజ్జలో ఒక కణంలో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కున్నాయి. ఆ అతుకు దగ్గర కొత్త కైనేజ్ ఒకటి పుట్టింది. దానికి ఆగడం రాదు. తెల్లకణాలను చేస్తూనే ఉంటుంది.

"అంటే రేకు లేని సాంచ" అన్నాడు అన్న.

"అవును. ఆ కైనేజ్‌కు ఒక గుంట ఉంటది. ఫాస్ఫేట్ వచ్చి చేరేది ఆ గుంటలకే. నీ గోలి పోయి ఆ గుంటల కూసుంటది. ఇంక ఫాస్ఫేట్‌కు జాగ దొరకది. సాంచ ఆగుతది."

"మరి ఇప్పుడెందుకు ఆగుతలేదు?"

"గుంట ఆకారమే మారిపోయిందేమోనని డాక్టరమ్మ అనుమానం. మారితే ఈ గోలి అందుల పట్టది. వేరే గోలి కావాలె."

"అది దొరుకుతదా?"

దొరుకుతుంది. కానీ అది ఇంత సులువుగా చేతికి వస్తుందో లేదో, ఒంటికి సరిపడుతుందో లేదో నాకు తెలియదు. లోపలి చప్పుడులో వినపడనట్టు నటించాను. వినపడలేదని నమ్మినట్టు అన్నా నటించాడు.

సెలవు రోజు

ఈ ఏడాది గిరాకీ లేదని సేటు వారంలో రెండు రోజులు సాంచలు ఆపేస్తున్నాడు. మంగళవారం, బుధవారం. మంగళవారం వదిన అంబలి, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు పెట్టింది. మన రుచి నాలుకకు తగలగానే ఇంటికి చేరినట్టు అనిపించింది. సూరత్‌లో పప్పులో కూడా చక్కెర వేస్తారు. మూడు రోజులు బయటి తిండి తిన్నాక పచ్చిపులుసు అమృతమే.

అన్న తిని, చెయ్యి కడుక్కుని, మిన్నును భుజాల మీద ఎక్కించుకుని ఆడిస్తున్నాడు. రాత్రీ అంతే. తిన్నాడు, పడుకోబోయాడు. క్యాలెండరు వైపు ఎవరూ చూడలేదు.

"అన్నా, గోలి?" అన్నాను.

"ఇయ్యాల డ్యూటీ లేదు గద."

నాకు అర్థం కాలేదు. "డ్యూటీకి, గోలికి ఏం సంబంధం?"

"గదేందే, డ్యూటీ జేస్తె గోలి. చెయ్యకపోతె ఒళ్లు అలుస్తలేదు గద, ఎందుకు?" అని, అటక మీది నుంచి ఫర్సాణ్ అనే చిరుతిండి డబ్బా ఒకటి దింపాడు. మూత తీస్తే నిండా గోలీల అట్టలు. "సూడు, ఎన్ని మిగిలినయో! రేపు పని పోయి ఊరికొస్తె, ఆడ దొరుకుతయో లేవో. గందుకే దాస్తున్న." పొదుపు చేసుకున్నవాడి సంతోషం ఆ మొహంలో ఉంది.

క్యాలెండరు తీసి చూశాను. టిక్కులు డ్యూటీ ఉన్న రోజులకే ఉన్నాయి. ముందు నెలలన్నీ వరుసగా నిండుగానే ఉన్నాయి. సేటు సెలవులు పెంచినప్పటి నుంచి ఖాళీలు మొదలయ్యాయి. దీపావళికి సూరత్ షెడ్డులన్నీ రోజుల తరబడి మూసేస్తారు. మునుపటి ఏళ్లలో అన్న ఆ రోజుల్లోనూ మరమ్మతు పనికి ఉండేవాడు. ఈసారి ఆ పని కూడా లేదు. దీపావళి దగ్గర రెండు వారాలకు పైగా ఒక్క టిక్కూ లేదు.

"అసలు గిట్ల ఏసుకొమ్మని నీకు ఎవలు చెప్పిండ్రు?" అని అరిచాను. ఆ ఇంట్లో మొదటిసారి నా గొంతు అన్న గొంతును మించింది.

"నువ్వే జెప్తివి."

నిజమే. గోలి మొదలైన కొత్తలో సాంచల దగ్గర కడుపులో తిప్పుతోందని అన్న ఫోన్ చేశాడు. 'డ్యూటీ దిగినంక కడుపునిండ తిని ఏసుకో అన్నా, అట్లయితే మర్చిపోవు' అని చెప్పింది నేనే. అప్పుడు సెలవులు అరుదు. సెలవు రోజు ఏం చేస్తున్నావని ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నా చదువంతా ఉపయోగించి చెప్పిన ఒక్క మాటను, చెప్పినట్టే తు.చ. తప్పకుండా పాటించాడు మా అన్న.

"డాక్టరమ్మకు చెప్పకు చెల్లె" అన్నాడు. మొదటిసారి నిజంగానే మెల్లగా. "మిగిలినయని తెలిస్తె పుకట్ల ఇచ్చేటియి బంద్ జేస్తరు. కొనే తాకత్ మనకు లేదు."

వదిన నా వైపు చూసింది. నేను డబ్బా మూత పెట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

ఆసుపత్రి

గురువారం అన్న, వదిన, నేను ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు నడివయసు గుజరాతీ ఆవిడ. హిందీలో మాట్లాడుతుంది. "రండి మల్లేశ్ భాయ్" అంటూ ఫైలు తెరవబోతుంటే, నేను డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. అన్న కళ్లు మూసుకున్నాడు.

జరిగింది మొత్తం చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆవిడ అట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"మల్లేశ్ భాయ్, సాంచలకు సేటు సెలవిచ్చాడు. మీ ఎముకల్లో ఉన్నదానికి ఎవరిచ్చారు సెలవు?"

అన్న తల దించుకున్నాడు. "గోలీలు బంద్ చేస్తారా మేడమ్?"

"బంద్ చేయడమా? ఒక్కరోజు మానినా నేను మీ షెడ్డుకు వచ్చి తిడతా." తర్వాత నా వైపు తిరిగింది. "బెన్, మీరు చెప్పిన మాట తప్పు కాదు. సగం చెప్పి వదిలేయడం తప్పు. ఆ మాటకొస్తే నేనూ రోజూ వేసుకుంటున్నారా అని అడిగానే గాని, సెలవు రోజు సంగతి అడగలేదు."

అప్పుడు రిపోర్టు తెరిచింది. నా వైపు తిప్పింది. చదివాను. మళ్లీ చదివాను. ఆ కైనేజ్‌లో ఆకారం మార్చే తేడాలేవీ కనబడలేదని రాసుంది. గుంట గుంటలాగే ఉంది. గోలి ఓడిపోలేదు. గోలిని మేమే చాలా రోజులు లోపలికి పంపలేదు.

"అంటే?" అన్నాడు అన్న, సాంచల గొంతుతో. బయట బెంచీల మీద ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. "అంటే ఇదే గోలి పనిచేస్తదా?"

"చేయాలి. రోజూ వేసుకుంటేనే. మూడు నెలలకు మళ్లీ చూస్తాను. అప్పుడు దిగితేనే నిజంగా గండం గడిచినట్టు. ఇలాగే ఖాళీలు ఇస్తూ పోతే గుంట మారే ప్రమాదమూ ఉంది" అంది ఆవిడ.

రమ వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అక్కడే కుర్చీ పట్టుకుని నిలబడి రిపోర్టు మూడోసారి చదివాను.

తాపీ ఒడ్డున పోంక్

ఆ సాయంత్రం అందరం తాపీ నది ఒడ్డుకు వెళ్లాం. అవతలి ఒడ్డు వైపు అమ్రోలి అనే పేట ఉందని పూజ చూపించింది. చలికాలంలో ఇక్కడ పోంక్ అమ్ముతారు. లేత జొన్న కంకులను వేడి బూడిదలో కాల్చి రాల్చిన పచ్చని గింజలు అవి. మన చేన్లలోనూ తింటాం, కానీ ఉప్పూ కారంతో. వీళ్లు నిమ్మకాయ సేవ్, చక్కెర గుళికలు కలుపుతారు. చక్కెర గుళికలను వేరు చేసి తిందామని చూశాను. మిన్ను వాటినే వేరు చేసి తింది.

గోలి ఇప్పుడు దేనికి ముడివేయాలన్నది ప్రశ్న. అన్నకు ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. పన్నెండేసి గంటలు. ఏ టైము చెప్పినా ఒక వారం ఇంట్లో ఉంటాడు, ఒక వారం షెడ్డులో.

"అలారం పెట్టు బాపూ" అంది పూజ. "మొబైల్ మే రోజ్ బజేగా, రోజూ మోగుతది."

"షెడ్డుల అలారం ఎవనికి ఇనపడతది" అన్నాడు అన్న.

వదిన పోంక్ పొట్లం మడిచి పక్కన పెట్టింది. "రాత్రి బువ్వ ఇంట్ల తింటె పళ్లెంల పెడ్త. షెడ్డుకు వోతె టిఫిన్ మూతల పెడ్త. ఇంక గా గోలి నీ డ్యూటీది గాదు, నా వంటది. సాంచలకు సెలవుంటది గని, నా పొయ్యికి ఎన్నడన్న ఉన్నదా?"

నాలుగేళ్లు నేను, డాక్టరు, క్యాలెండరు కలిసి చేయలేనిది వదిన ఒక్క మాటలో చేసింది.

తిరిగి వచ్చాక

శనివారం రైలెక్కాను. అన్న స్టేషన్‌కు వచ్చి, సూరత్‌లో అందరూ ఊళ్లకు పట్టుకెళ్లే ఘారీ స్వీటు డబ్బా చేతిలో పెట్టాడు. నెయ్యి కారి మిన్ను స్వెట్టరు పాడైంది. ఇంటికొచ్చాక మా ఆయన "ఇంతకీ సూరత్ ఎలా ఉంది?" అని అడిగితే, ఆసుపత్రి కుర్చీ తప్ప మొదట ఏమీ గుర్తు రాలేదు. తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

మూడు నెలలు ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. అన్నను గోలి గురించి అడగకుండా ఉండటానికి ప్రయత్నించి, రోజూ ఓడిపోయి వదినను అడిగాను. వదిన విసుక్కోలేదు. "పెట్టిన" అనేది, అంతే.

మార్చిలో పూజ ఫోన్ చేసింది. "అత్తా, రిపోర్ట్ ఆ గయీ, వచ్చేసింది. నేను చదువుతా." అంకె చదివింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. దీపావళి నాటి అంకె కంటే ఎంతో కిందికి దిగింది. ఒక్కొక్క అంకె చదివించుకుని కాగితం మీద రాసుకుని చూశాను. దిగింది. నిజంగానే దిగింది.

అన్న ఫోన్ లాక్కున్నాడు. "డాక్టరమ్మ నవ్వింది చెల్లె! నాలుగేండ్లల ఫస్ట్ టైమ్. మళ్ల మూడు నెలలకు రమ్మన్నది."

"నేను రావాల్నా?" అన్నాను. భయం ఒకసారి అలవాటయ్యాక అంత తొందరగా పోదు.

"రిపోర్టుకు ఎందుకే, పూజ చదువుతది. నువ్వు ఏం పని లేకున్న ఊకెనె రా" అని అరిచాడు. "ఒక్కపారి ఊకెనె రా!"

ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. అయినా గది అంతా వినిపించింది.